పెట్రోలు తాగే బండి, మా పక్కింటి చాచా

మొన్న శుక్రవారం పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే పాలు పోసే ఆయన గేటు దగ్గర ఆగాడు. "సారు, బట్టల చాచా పోయిండు. నమాజుకు లేస్తలేడని పోయి చూస్తే అప్పటికే అయిపోయిందంట" అన్నాడు. సైకిలు స్టాండు వేయకుండానే చెప్పి వెళ్లిపోయాడు. నేను గేటు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. ఏడుపు రాలేదు.

కామారెడ్డిలో మా గోడా వాళ్ల గోడా ఒకటే. నాకు ఎల్లారెడ్డిలో టీచరు ఉద్యోగం వచ్చిన నాటికే చాచా, చాచీ ఊళ్లలో వారపు అంగళ్లు తిరిగి బట్టలు అమ్మేవాళ్లు. మాచారెడ్డి, తాడ్వాయి, ఎల్లారెడ్డి, ఒక్కో వారం ఒక్కో ఊరు. మూటలు మోసేది చాచా, అమ్మేది చాచీ. ఏ ఆడమనిషికి ఏ రంగు నచ్చుతుందో ఆ మనిషి నడిచివస్తుంటేనే ఆమె చెప్పేది. "నాకు ధర ఎరుక, మనిషి ఎరుకలేదు. అది ఆమె పని" అనేవాడు చాచా.

ఒక ఏడాది వానల్లో బస్సు దిగుతూ చాచీ జారి పడింది. తుంటి ఎముక విరిగింది, సరిగ్గా అతకలేదు. ఆ తర్వాత ఆమె బస్సు మెట్టు ఎక్కలేకపోయింది, మోటారు సైకిలు వెనక కూర్చోనూ లేకపోయింది. కర్ర పట్టుకుని ఇంటి నుంచి వాకిలి దాకా, వాకిలి నుంచి ఇంటి దాకా, అంతే.

చాచా నిజామాబాదు వెళ్లి ఒక పాత మోటారు సైకిలు తెచ్చాడు. దాని ఎడమవైపు సైడ్‌కారు బిగించి ఉంది. మా గల్లీలో అందరూ దాన్ని తొట్టి అనేవాళ్లు. చాచీని రెండు చేతులా ఎత్తి అందులో కూర్చోబెట్టి, ఒళ్లో ఒక మూట, కాళ్ల దగ్గర ఇంకో మూట పెట్టేవాడు. బండి అసలే ముసలిది, ఆపైన తొట్టి, మనిషి, మూటలు. పెట్రోలు నీళ్లు తాగినట్టు తాగేది.

అప్పుడప్పుడే మైలేజీ బాగా ఇచ్చే చిన్న బండ్లు రావడం మొదలైంది. నేనూ ఒకటి కొన్నాను. టీకొట్టు దగ్గర నలుగురు కలిస్తే నీ బండి ఎంత ఇస్తుంది, నాది ఎంత ఇస్తుంది, అదే ముచ్చట. చాచాను అడిగితే, "బండికి ఆకలి ఎక్కువ, మాకు తక్కువ. ఆడికాడికి సరిపోతది" అని గ్లాసు కింద పెట్టేవాడు. నవ్వించడానికి అన్నట్టుండేది కానీ ఆయన ముఖంలో నవ్వు ఉండేది కాదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం బడి నుంచి వస్తున్నాను. తాడ్వాయి ఇంకా రాకముందే రోడ్డు మీద బండి ఆగి ఉంది. పెట్రోలు అయిపోయింది. చాచా బండిని తోసి తోసి రొప్పుతున్నాడు. చాచీ తొట్టిలో కొంగు తల మీదికి లాక్కుని కూర్చుంది. అంగట్లో ఆ రోజు బేరాలు లేవట.

"నువ్వన్న చెప్పు బేటా" అంది చాచీ నాతో. "అమ్మెయ్యమను ఈ బండిని. నీ బండి తీరు చిన్నది కొనుక్కొమ్మను. కమాయించిందంతా ఇదే తాగుతది. నేను ఇంట్ల కూసుంట."

"మైలేజీ చూసుకోవాలె గద చాచా" అన్నాను.

ఆయన మైలురాయి మీద కూర్చుని మెడ తుడుచుకున్నాడు. "చూసుకోవాలె. వద్దని ఎవరన్నరు? పొద్దుమాపు అదే చూస్కుంటున్న" అన్నాడు. నేను తాడ్వాయి వెళ్లి సీసాలో పెట్రోలు తెచ్చాను.

ఆ తర్వాత ఆయన బండి మీద టార్పాలిన్ కప్పి, మూటలతో బస్సెక్కడం మొదలుపెట్టాడు. చాచీ మాట నెగ్గింది. కానీ ఆమె రోజురోజుకూ మంచానికి అంటుకుపోయింది. గోడవతల నుంచి వినబడే ఆమె గొంతు ఆగిపోయింది. మా ఆవిడ కూర గిన్నె పట్టుకెళ్తే, "పెట్టిపో బిడ్డా" అని గోడవైపు తిరిగేదట. అంగట్లో చాచా ఒక్కడే కూర్చుంటే ఆడవాళ్లు వచ్చి, "చాచీ రాలే?" అని అడిగి వెళ్లిపోయేవాళ్లు.

ఒక పొద్దున బండి చప్పుడు వినిపించి బయటికి వచ్చాను. టార్పాలిన్ తీసేసి ఉంది. చాచీ తొట్టిలో ఉంది, ముఖం కడుక్కుని, కాటుక పెట్టుకుని. చాచా నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు: "ఎంత దూరం పోతదని అందరడుగుతరు బేటా. ఎవర్ని తీస్కపోతదని ఒక్కరడగరు."

తర్వాత ఏళ్లు సులువుగా గడిచాయని చెప్పను. ఇల్లు కురిసేది, పైకప్పు మార్చలేకపోయారు. చాచా నడుము వంగింది. సాయంత్రం ఇంటికొచ్చి చాచీని దించాక వాకిట్లోనే కూలబడేవాడు, లేవడానికి చాలాసేపు పట్టేది. "అలిసిన" అనేవాడు. ఫిర్యాదు కాదు, వార్త చెప్పినట్టు. లోపలి నుంచి చాచీ ఆ రోజు ఎవరు ఏ చీర కొన్నారో చెబుతూనే ఉండేది.

తొంభైల మొదట్లో చాచీ జ్వరంతో పోయింది. నలభయ్యో రోజు ఫాతిహా ప్రార్థన అయ్యాక చాచా తొట్టి విప్పించి పెరట్లో పెట్టాడు. అందులో కోళ్లు గుడ్లు పెట్టేవి. తొట్టి ఉన్న బండి మలుపులో వాలదు, బలంగా హ్యాండిల్ తిప్పాల్సిందే. ఆ అలవాటు పోక, మలుపు రాగానే తడబడి కాలు కింద పెట్టేవాడు.

కొన్నాళ్లకు టీకొట్టు దగ్గర కలిశాడు. తనే అన్నాడు, టీ వైపు చూస్తూ: "ఇప్పుడు మైలేజీ మంచిగనే ఇస్తుంది బేటా."

ఆయన లేడన్నప్పటి నుంచి నాకు గుర్తొస్తున్నది, పోయిన ఎండాకాలం ఎల్లారెడ్డి అంగట్లో చూసిన చాచా. బండిని గోడ పక్కన ఆపాడు. గోడకు ఆనించి పెట్టుకోవచ్చు. ఆయన మాత్రం ఎడమవైపు ఒక మనిషి కూర్చునేంత జాగా వదిలి స్టాండు వేసి, మూట విప్పడానికి వెళ్లాడు. కాసేపటికి వంకాయలమ్మే అవ్వ ఒకతె వచ్చి, ఆ సందులో నీడ ఉందని గోనెసంచి పరుచుకుని కూర్చుంది. చాచా ఒకసారి తిరిగి చూశాడు. లెమ్మనలేదు.