ఆదోని అమ్మగారు అడిగిన 'ఆమె'

ఆ రోజుల్లో నాకు పనితనం తక్కువ, ధైర్యం ఎక్కువ. ఇప్పుడది తిరగబడింది. ఇప్పుడు చిన్న పువ్వు చెక్కాలన్నా పెన్సిలుతో మూడుసార్లు గీసి, మూడుసార్లు చెరిపి, అప్పుడు ఉలి పట్టుకుంటాను. అప్పట్లో మాత్రం దేవుణ్ణయినా దయ్యాన్నయినా చెక్కేస్తాననుకునేదాన్ని. ఏది దేవుడో ఏది దయ్యమో చూసేవాళ్లకు తెలియకపోతే, అది వాళ్ల కళ్ల లోపమనుకునేదాన్ని.

మాది గోనెగండ్ల. ఐదో తరగతితో బడి చాలించి చేనికి పోయినదాన్ని. పెళ్లయి ఎమ్మిగనూరు వస్తే, అక్కడ మా మామ వాకిళ్లకు పువ్వులూ తొట్టెలకు చిలకలూ చెక్కేవాడు. కొడుకు (అంటే మా ఆయన) ఉలి కంటే హారను మేలని ఆటో తోలుకునేవాడు. పని నేర్పడానికి ఇంట్లో మనిషి దొరక్క, నేను వంకాయలు తరిగే తీరు చూసి, "నీ చెయ్యి కుదురుగా ఉండాది మా" అన్నాడు మామ. వంకాయకూ టేకుకూ తేడా ఉంటుందని ఆ పూట ఇద్దరికీ తోచలేదు. చెక్క నారకు ఎదురుగా ఉలి పెట్టి పెచ్చులు లేపడంలో ఆరు నెలలు గడిచాయి. ఆ తర్వాత ఒక ఆకు వచ్చింది. ఆకు వెనకాల పువ్వు వచ్చింది. (మా ఆయన ఆ పువ్వును చూసి చక్రం బాగా కుదిరిందన్నాడు.) మా అత్తకు ఇదంతా గిట్టేది కాదు. నెత్తిన చెక్కపొట్టు, రొట్టెలో పొట్టు, ఇదేం కాపురమని రోజూ అనేది. చివరికి ఒక మాట తేల్చింది. సొంతంగా ఒక్క వస్తువు చేసి, అడిగినవాళ్లు మెచ్చి తీసుకుపోతే నేను మామ పనిచేసే కొట్టంలో కూర్చోవచ్చు. లేదంటే ఉలి అటక మీదికి, నేను పొయ్యి దగ్గరికి.

శ్రావణంలో మామ చెక్కబొమ్మలు మూట కట్టుకుని ఉరుకుంద తిరునాళ్లకు పోయాడు. ఆ మధ్యాహ్నమే ఆదోని నుంచి ఒక పెద్దావిడ బస్సు దిగి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఇంట్లో కన్నడం, బయట తెలుగు మాట్లాడే మనిషి. పూజకు ఒక మణె కావాలంది. మణె అంటే పీట అని మా వైపు అందరికీ తెలుసు కాబట్టి, నేను పెద్ద మేస్త్రిలా తలూపాను. నడుమ ఏం చెక్కమంటారని అడిగాను.

"నడుమ ఆమె ఉండల్ల" అంది.

"ఎవరామె, అమ్మగారూ?"

"ఆమె అంటే ఆమేనమ్మా. నీళ్లలో ఉంటాది గదా, ఆమె. కాళ్లు బాగా తెలియల్ల. మెడ మాత్రం లోపలికి పోకూడదు సూడు, మంచిది కాదు."

ఇంకోసారి అడగాలనే అనిపించింది. కానీ గడప దగ్గర మా అత్త జొన్నలు చెరుగుతూ, చేట ఆపి మరీ వింటోంది. ఆమె ముందు 'అర్థం కాలేదు' అనడం కంటే వేలు కోసుకోవడం నయం. నీళ్లలో ఉండే ఆమె అంటే గంగమ్మ తల్లి కాక ఇంకెవరు? మెడ పొట్టిదైతే కళ ఉండదు, అదీ నిజమే. వారంలో ఇస్తానని చెప్పి పంపించాను.

ఆ వారం నేను తిన్నది తక్కువ, చెక్కింది ఎక్కువ. గంగమ్మకు రెండు చేతులు చాపి పెట్టాను. పాదాలు రెండూ విడివిడిగా తెలిసేలా తీశాను. కొంగలాగా మెడ సాగదీశాను. నడుము దగ్గర మాత్రం, సన్నగా తీద్దామంటే పెచ్చు లేస్తుందని భయపడి వదిలేశాను. దాంతో తల్లి గుండ్రంగా, జొన్నల గంపలా తయారైంది. ముక్కుకు ముక్కుపుడక మాత్రం ఎంతో ఓపిగ్గా పెట్టాను. తిరునాళ్ల నుంచి వచ్చిన మామ తిప్పి తిప్పి చూసి, "కళ ఉండాది మా, రొంత ఒళ్లు చేసింది" అన్నాడు.

చెప్పిన రోజుకు ఆదోని అమ్మగారు వచ్చింది. గుడ్డ విప్పింది. చాలాసేపు చూసింది.

"ఇది ఎవురమ్మా?"

"మీరు చెప్పిన ఆమే, అమ్మగారూ. గంగమ్మ."

"రేపు పూజకు దీని మీద మా మనెవారు, అదే మా ఇంటాయన, కూచోవల్ల. గంగమ్మ నెత్తిన కూచుంటారా?" అని, అరచెయ్యి బోర్లించి వేళ్లు నాలుగూ మెల్లగా ఆడించి చూపించింది. "ఆమె, ఆమె. ఇట్ల పోతాది గదా."

మామ తల పట్టుకున్నాడు. కన్నడంలో ఆమె అంటే తాబేలట. మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది, ఏడవడానికి కాదు. నా కళ్ల ముందు మాత్రం అటకే కనిపించింది. సాయంత్రం బస్సుకు పీట పోవాలి. ఇంకో చెక్క లేదు, ఉన్నా సమయం లేదు. నా ఉలి తీసి మామ చేతిలో పెట్టాను. ఆయన దాన్ని మళ్లీ నా చేతిలోనే పెట్టాడు.

"నేను పట్టుకుంటే ఇది నా పనైతాది. ఉలి ఉండేది తీసేదానికే. ఏం తీయల్లో సూడు."

చూశాను. చాపిన చేతులు రెండు, విడిగా ఉన్న పాదాలు రెండు, వెరసి నాలుగు కాళ్లు. కొంగ మెడ అలాగే ఉంది. నడుమ గుండ్రంగా డిప్ప సిద్ధంగా ఉంది. నాకు సన్నగా తీయడం వచ్చి ఉంటే ఆ రోజు మునిగిపోయేదాన్నే. ఇంతలో మా అత్త పసుపునీళ్లు తెచ్చి పీట మీద చల్లి, "తల్లీ, నువ్వు లేచి మా బాయిలోకి పో, మా కోడలు ఉలి పెడ్తాది" అని మొక్కింది. (వెక్కిరింపో భక్తో ఇప్పటికీ నాకు తెలియదు. అడిగితే చెప్పేది కాదు.) ఆదోని అమ్మగారు మంచినీళ్లు కూడా ముట్టకుండా ఎదురుగా కూర్చుంది. జుట్టు తీశాను. వేళ్లు తీసి గోళ్లు పెట్టాను. చీర కుచ్చిళ్లు డిప్ప మీది గళ్లయ్యాయి. మొదటిసారి ఒక్క పెచ్చు కూడా లేవలేదు.

అమ్మగారు డిప్ప మీద చెయ్యి వేసి నిమిరి, "ఇదీ ఆమె" అంది. గుడ్డలో చుట్టుకుని బస్సుకు పోయింది. మర్నాడు పొద్దున చూస్తే మా అత్త కొట్టంలో నేను కూర్చునే చోట పొట్టంతా ఊడ్చి, గోనెసంచి మడిచి వేసి పెట్టింది.

ముక్కుపుడక తీయడం మరిచిపోయానని రెండు రోజులకు గుర్తొచ్చింది. ఆదోని పోయి చెప్పే ధైర్యం లేక ఊరుకున్నాను. ఏడాదికి అదే వీధి నుంచి ఇంకొకరు వచ్చి, "మాకూ ముక్కుపుడక ఆమె కావల్ల" అన్నారు. అప్పటినుంచి ఎన్ని తాబేళ్లకు ముక్కు కుట్టానో.

ఇప్పుడు మామ లేడు, అత్త లేదు, గోనెసంచి చోట కుర్చీ వచ్చింది. ఎవరు ఏం చెక్కమన్నా ఫోనులో బొమ్మ చూపించమంటాను, రెండుసార్లు అడుగుతాను, మూడోసారి మా ఆయన చేత అడిగిస్తాను. పనిలో తప్పు రాదు. కానీ ఒక్కోసారి కొత్త చెక్క ముందు పెట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తోచక కూర్చున్నప్పుడు, ఏమీ తెలియకుండానే గంగమ్మ మీద ఉలి పెట్టిన ఆ గోనెగండ్ల పిల్ల గుర్తొస్తుంది. ఆమె ఒక్క పూట వచ్చి నా పక్కన కూర్చుంటే బాగుండుననిపిస్తుంది. ఏ ఆమె అని మాత్రం మా ఆయనకు చెప్పను. మళ్లీ తాబేలనుకుంటాడు.