చెరువు మొత్తం పడతారా?

మొన్న ఆదివారం అన్నాలు తిని కూర్చున్నాక మా మనవరాలు ఫోను నా కళ్ళ ముందుకు తెచ్చి, ఏదో కంపెనీ తన షేర్లు తానే వెనక్కి కొంటోందనీ, బజారు ధర కంటే బాగా ఎక్కువిస్తోందనీ, రేపు కొని అప్పుడు వాళ్ళకే ఇచ్చేస్తే ఊరికే లాభమనీ గడగడా చెప్పుకుపోయింది. ఇవే మాటలు ఇరవై ఏళ్ళ క్రితం మా తమ్ముడి నోట విన్నాను. విని ఊరుకున్నానా, సరేనని తలూపాను కూడా!

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను ఏలూరులో లెక్కల టీచరుగా పనిచేస్తుండేదాన్ని. తాడేపల్లిగూడెం రైసుమిల్లులో గుమాస్తాగా జీవితమంతా గడిపిన నాన్న పోతూ పోతూ అమ్మకు రెండే మిగిల్చారు. ఒకటి గూడెం శివార్లలో ఎకరం మాగాణి, రెండోది మోటార్లు తయారుచేసే ఒక కంపెనీలో ఎనభై షేర్లు. అమ్మ తిండిగింజలూ మందులూ ఆ ఎకరం మీదే నడిచేవి. షేర్ల కాగితాలు మాత్రం ట్రంకుపెట్టెలో నాన్న పెళ్ళినాటి కోటు కింద పడి ఉండేవి.

తమ్ముడికి కలిదిండిలో చేపల చెరువులుండేవి. ఆ పక్క వాళ్ళకు తెలిసిన పద్ధతే గానీ తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. కొనుగోలుదారు వచ్చి గట్టు మీద నిలబడి, వలలో పడిన నాలుగు చేపలు చేత్తో ఎత్తి చూసి కిలోకింత అని ధర చెప్పాడంటే ఆ చెరువు అతనిదే. ఆఖరి చేప దాకా పట్టి, ఐసు వేసి, లారీల్లో ఆకివీడు మార్కెట్టుకు పంపేస్తాడు. ఎంత పడతారండీ అని అడగడం మర్యాద కాదు. అయినా మా అమ్మ, కొడుకు చెరువు దగ్గరికి వెళ్ళినప్పుడల్లా గొడుగు వేసుకుని గట్టు మీద నిలబడి ప్రతివాణ్ణీ అదే అడిగేది, మా తమ్ముడు సిగ్గుతో చచ్చిపోయేవాడు.

అలాంటి రోజుల్లో నాన్న పేరు మీద ఆ కంపెనీ నుంచి లావుపాటి కవరొకటి వచ్చింది. బజారులో నూట నలభై ఉన్న షేరును కంపెనీ రెండు వందలకు తిరిగి కొంటుందట. తమ్ముడు ఆ రెండు వందలు చూశాడు, ఇంక వేరే అక్షరం చూడలేదు. ఎకరం అమ్మేసి వచ్చినదంతా పెట్టి షేర్లు కొనేద్దాం, కంపెనీకి ఇచ్చేసి అమ్మకు ఎకరన్నర కొనిపెడదాం అన్నాడు. పొలం కాగితాల్లో నా సంతకం కూడా కావాలి. ఏడో తరగతి పిల్లలకు నిష్పత్తీ అనుపాతం చెప్పి, రానివాళ్ళ చెవులు మెలిపెట్టే మహాతల్లిని కదా, నేనూ ఆ కవరు పూర్తిగా చదవకుండానే సరే అన్నాను. గురువారం అగ్రిమెంటు అనుకున్నాం.

దానికి ముందరి ఆదివారం చర్చి నుంచి వచ్చి అందరం అమ్మ ఇంట్లో భోజనాలకు కూర్చున్నాం. అమ్మ కాదనలేదు, అవుననలేదు. పులుసు వడ్డిస్తూ, "ఏరా అబ్బాయ్, ఆ కంపెనీవాళ్ళు చెరువు మొత్తం పడతామన్నారా, ఒక బండికి సరిపడా ఎత్తుకుని పోతామన్నారా?" అంది.

"అబ్బ, ఊరుకోవే అమ్మా! ధర చెప్పాక మొత్తం పట్టకుండా పోతారా ఎవరైనా?" అని తమ్ముడు విసుక్కున్నాడు.

నేను మాత్రం ముద్ద వదిలేసి లేచాను. చెయ్యి కడుక్కుని కవరు తెచ్చి మొదటి పేజీ నుంచి చదివాను. కంపెనీకి ఉన్న షేర్లన్నిటిలో ఎనిమిదో వంతు మాత్రమే కొంటారట. ఎక్కువమంది ఇస్తే అందరి దగ్గరా అదే లెక్కన తీసుకుని మిగతావి తిప్పి పంపుతారట. అరవై రూపాయలు ఎక్కువిస్తామంటే ఇవ్వనివాడెవడు? అంటే ఎనిమిదింటికి ఒకటి! వెయ్యి కొంటే నూట పాతిక వాళ్ళు పట్టుకుపోతారు, ఎనిమిది వందల డెబ్బై అయిదు మా నెత్తినే ఉంటాయి. వాటి ధర ఏమవుతుందో వాళ్ళు చెప్పరు, ఆ కంపెనీ పనితీరును బట్టి మనమే చూసుకోవాలి. షేర్లు తగ్గుతాయి కాబట్టి లాభంలో ఒక్కొక్కదాని వాటా పెరిగే మాట నిజమే, కానీ ఆ కొనడానికి పెట్టిన డబ్బు కంపెనీ పెట్టెలోంచి పోయేదే కదా. ఇంతకీ మేం చూడవలసింది పోయే ఒక్కదాన్ని కాదు, మిగిలే ఏడింటినీ. తమ్ముడికి నోట్‌బుక్కు మీద వేసి చూపిస్తే వాడు ఒకటికి రెండుసార్లు లెక్క సరిచూసుకున్నాడు. "బతికాం అక్కా" అన్నాడు. "దేవుడికి స్తోత్రం" అని అమ్మ మజ్జిగ పోసింది.

నాన్న ఎనభై షేర్లూ పంపాం, పదే తీసుకున్నారు. ఆ రెండు వేలతో అమ్మ పెరట్లో చేతిపంపు బాగుచేయించుకుంది. మిగిలిన డెబ్బయ్యీ ఆ ఏడాదిలోనే వంద దిగువకు జారిపోయాయి. పేపర్లో ఆ ధర చూసిన రోజున నేను స్టాఫ్‌రూములో కూర్చుని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ సంతకం పెట్టి ఉంటే మా అమ్మ ఏం తినేదో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అవన్నీ గుర్తొచ్చి మనవరాలిని అడిగాను, చెరువు మొత్తం పడతారటా అని. చెరువేంటి అమ్మమ్మా అని నవ్వింది. అర్థమయ్యేలా చెప్పాక ఫోనులో రెండు నొక్కులు నొక్కి, ఇరవై మూడు షేర్లకు రెండే కొంటారట అమ్మమ్మా, వద్దులే అని పక్కన పెట్టేసింది. మేం లావుపాటి కవరంతా తిరగేసి వెతుక్కున్న లెక్క దానికి అర నిమిషంలో దొరికింది, సంతోషమే. కాగితాల రోజులు పోయాయి, సంతకాల కోసం గూడెం బస్సెక్కే రోజులూ పోయాయి. అమ్మ వెళ్ళిపోయి కూడా తొమ్మిదేళ్ళయింది. మొన్న ఆదివారం మేం తిన్న అన్నం మాత్రం ఆ ఎకరంలో పండినదే.