రెండు కిలోల ఉన్ని బట్టలు

2023 చలికాలం. పార్వతీపురంలో ఒక డయాలసిస్ యూనిట్. బీఎస్సీ ఫిజిక్స్ చదివి, ఆ తరవాత టెక్నీషియన్ కోర్సు చేసి, మనుషుల్లోంచి నీళ్ళు తీసే ఉద్యోగంలో నేను కుదురుకుని అప్పటికి పన్నెండేళ్ళు. కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళ ఒంట్లో చేరిన నీటికి బయటికి దారి ఉండదు. అందుకని వారానికి మూడుసార్లు వచ్చి, నాలుగేసి గంటలు మెషీన్ పక్కన పడుకుంటారు. ఒంట్లో అదనపు నీరేమీ లేనప్పుడు మనిషి ఎంత తూగాలో దాన్ని మేం డ్రై వెయిట్ అంటాం. వచ్చినప్పటి బరువులోంచి డ్రై వెయిట్ తీసేస్తే, మిగిలింది మెషీన్ తియ్యాల్సిన నీరు. దానికి యూఎఫ్ గోల్ అని పేరు పెట్టుకున్నాం గానీ, నిజానికి ఒకటో తరగతి తీసివేత. అందులో కూడా తప్పు చెయ్యొచ్చని నేనే నిరూపించాను.

సోమ, బుధ, శుక్రవారాల్లో మొదటి బస్సుకి గుమ్మలక్ష్మీపురం పైన కొండల్లోంచి ఒక జంట వచ్చేవారు. ఏసుపాదం మేస్టారు ఆశ్రమ పాఠశాలలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన భార్య కరుణమ్మగారు అదే స్కూలు హాస్టల్లో వంట చేసి రిటైరయ్యారు. గంగాళాల్లో సాంబారు కాచిన ఆ చెయ్యి ఇప్పుడు రోజూ పొద్దున్న ఒక అరలీటరు సీసా నింపుతోంది. మేస్టారికి ఆ రోజంతటికీ అదే నీరు. మందు మింగినా, గొంతు తడుపుకున్నా అందులోంచే.

చలికాలంలో వాళ్ళ రోజు ఎలా గడుస్తుందో వాళ్ళ ఊరు చూడకుండానే నాకు తెలుసు. నాలుగు గంటలు చెయ్యి కదపకుండా పడుకున్న లెక్కల మేస్టారు మాట్లాడక ఏం చేస్తారు? పొద్దున్నే మంచు వాళ్ళ పెరట్లోకి వచ్చి కూచుంటుందట, పదింటిదాకా లేవదట. అరకులో పనిచేసిన రోజుల్లో తెచ్చిన నాలుగు కాఫీ మొక్కలు పనసచెట్టు నీడన ఉన్నాయి. పళ్ళు ఎర్రబడితే కోసి, ఎండబెట్టి, కరుణమ్మగారు రోట్లో దంచి పెనం మీద వేయించేవారు.

"ఆ వాసనకి పాస్టరుగారు ప్రార్థన బేగి ముగించీసి మా గుమ్మంలోకి వచ్చీసేవారయ్యా. ఆయన వెళ్ళేక అసలు కాఫీ. కుంపటికి అటు ఆవిడ, ఇటు నేను. చెరో గ్లాసు. మాటల్లేవు. అదే మా సంసారం" అన్నారు ఒకరోజు.

అన్నీ "వచ్చేవారు", "తాగేవాళ్ళం". డయాలసిస్ మొదలయ్యాక ఆయన మాటల్లో భూతకాలం పెరిగింది.

చలి ముదరగానే మేస్టారు స్వెట్టరు, దాని కింద ఇంకో స్వెట్టరు, శాలువా, కోతిటోపీతో మా కాటా ఎక్కడం మొదలెట్టారు. "బట్టలకి రెండు కిలోలు తీసెయ్యి బాబూ" అనేవారు. తీసేసేవాణ్ణి. అంత చలిలో పెద్దాయన్ని బట్టలిప్పమనడానికి నాకు మొహమాటం. పైగా మేస్టారు చెప్పిన లెక్కని అనుమానించే అలవాటు నా చదువులో లేదు. కరుణమ్మగారు బయట బెంచీ మీద ఉండేవారు. రోగితో వచ్చినవాళ్ళని లోపలికి రానివ్వం.

మూడు వారాలకి మేస్టారి కాళ్ళు ఉబ్బాయి. నాలుగో సోమవారం మెట్లెక్కలేక మధ్యలోనే కూలబడ్డారు. కరుణమ్మగారు నా చొక్కా పట్టుకున్నారు.

"ఏటి బాబూ ఇది? పడుకుంటే ఊపిరాడదంటన్నారు. గోడకానుకుని కూకుంటన్నారు. మెషీన్ సరిగ్గా లాగుతందా లేదా?"

మెషీన్ సరిగ్గానే లాగుతోంది, చెప్పినంతే లాగుతోంది. మందిచ్చి, ఆక్సిజన్ పెట్టి, ఆయన్ని మెషీన్‌కి ఎక్కించాక, విప్పిన బట్టలన్నీ మూటగట్టి కాటా మీద పెట్టాను. ఏడువందల గ్రాములు. నేను తీసివేసింది రెండు కిలోలు. అంటే మూడు వారాలుగా కిలోకి పైగా నీరు ఆయన ఒంట్లోనే వదిలేసి, థాంక్యూ చెప్పి పంపిస్తున్నానన్నమాట. ఊపిరితిత్తుల్లో ఇంకాస్త చేరితే తరవాతి తీసివేతకి మనిషి ఉండడు.

కాస్త తేరుకున్నాక అడిగాను. "మేస్టారూ, ఏం తాగుతున్నారు?"

పైకప్పు చూస్తూ చెప్పారు. "పొద్దున్నే ఒక గ్లాసు. కాఫీ. సీసా కాక."

"అంత ఆపుకోలేకపోతున్నారా?"

"నేనా? నా నాలుక సచ్చి రెండేళ్ళయింది. ఆవిడ కోసం." బయటి బెంచీ వైపు తల తిప్పారు. "నాకు మానిపించిన రోజునే తనూ మానేసింది. 'మీరు సూస్తంటే నాను తాగాలా' అంటాది. రెండు చలికాలాలు పెనం పొయ్యెక్కలేదు. పళ్ళు రాలిపోతన్నాయి. అందుకని, చలికాలం ఒక గ్లాసు తాగొచ్చని డాక్టరుగారు చెప్పేరని అబద్ధమాడేను. నేను తాగితేనే తను తాగుతాది. బరువు తేడా వస్తే మీరు పట్టుకుంటారని బట్టలకి రెండు కిలోలన్నాను. పాసవ్వాలి కదా, మార్కులు కొంచెం ఎక్కువే కలిపేను."

తరవాత బతిమాలుకున్నారు. "ఆవిడకి చెప్పకు. మళ్ళీ మానేస్తాది."

డాక్టరుగారికి చెప్పక తప్పదు, చెప్పాను. ఆయన నన్ను తిట్టాల్సినంతా తిట్టి, అదయ్యాక దారీ చూపించారు. బీపీ నిలకడగా ఉన్న రోగి డయాలసిస్ మొదటి గంటలో ఒక గ్లాసు తాగితే, ఆ గ్లాసుని కూడా యూఎఫ్ గోల్‌లో కలిపేసి తీసెయ్యొచ్చు. కాకపోతే భార్యకి నిజం చెప్పాలి.

శుక్రవారం ఆవిణ్ణి లోపలికి పిలిచాం. మేస్టారే చెప్పారు. కరుణమ్మగారు చాలాసేపు ఆయన పాదాల వాపు నొక్కి చూస్తూ నిలబడ్డారు.

"దొంగలెక్క సేసిన గుంటల సెవులు మెలేసినారు ఇన్నేళ్ళూ. ఇప్పుడు మీ సెవి ఎవులు మెలియ్యాల? నాను కాఫీ లేకపోతే సచ్చిపోతానా?"

"నువ్వు సావవు. నాకే పొద్దు మొదలవదు" అన్నారు మేస్టారు.

ఆవిడ చెవి మెలెయ్యలేదు. కోతిటోపీ చెవుల కిందికి లాగి సర్దారు.

ఆ తరవాతి సోమవారం ఫ్లాస్కుతో, రెండు స్టీలు గ్లాసులతో వచ్చారు. పావుగంట లోపల ఉండటానికి డాక్టరుగారి అనుమతి. మేస్టారు సగం తాగేదాకా ఆవిడ గ్లాసు ముట్టలేదు. కుంపటి లేదు, మంచు లేదు, పక్కన మెషీన్ మూలుగుతోంది. ఇద్దరూ మాట్లాడుకోలేదు. నేను పక్క బెడ్‌కి వెళ్ళిపోయాను, అక్కడ పనేమీ లేకపోయినా.

నెల తరవాత కాళ్ళ వాపు పూర్తిగా పోయింది. "ఎలా ఉంది మేస్టారూ?" అన్నాను.

"కాఫీ బాగుంది. చోటే బాలేదు" అన్నారు. "పెరట్లో కూచుని తాగాలనుంటాది. ఆ ఆశ నీ మెషీన్‌తో లాగలేవులే."

"మరి మిగతా నాలుగు రోజులూ?"

"పొద్దున్నే సీసా నింపి ఎదురుగా కూచుంటాది. సోమవారం ఎప్పుడొస్తాదా అని చూస్తాం."

డయాలసిస్ రోజు కోసం ఎదురుచూసే మనుషుల్ని నా సర్వీసులో ఇంకెక్కడా చూడలేదు. అప్పట్నుంచి ఎంత పెద్ద మేస్టారైనా బట్టలు విడిగా తూస్తున్నాను. అది నా వృత్తి నేర్పిన పాఠం, ఎవరైనా నేర్పగలరు. వాళ్ళు నేర్పింది ఇంకొకటి ఉంది. కొత్తగా వచ్చినవాళ్ళని రోజుకి ఎన్ని గ్లాసులు తాగుతారని ఫారం అడగమంటుంది, అడుగుతాను. ఎవరితో కూచుని తాగుతారని కూడా అడుగుతాను. దానికి ఫారంలో గడి లేదు. పక్కన ఖాళీలో రాసుకుంటాను.