మూడు కొంగల ఇంటి ముందు చెప్పిన కథ

క్వేతా ప్రాగ్‌లో గైడుగా చేరేనాటికి ఆమెకు నలభై ఆరేళ్ళు. అంతకుముందు బడిలో చరిత్ర పాఠాలు చెప్పేది. ఆ బడి మూతపడ్డాక, జర్మనూ ఇంగ్లీషూ వచ్చు కదా అని ఊరు చూపించే ఒక కంపెనీలో చేరింది. నేనూ అక్కడే గైడుని, నా పేరు ఓతా. మొదటి వారం నేను ఆమెకు దారి చూపించాను. ఆ తర్వాత పన్నెండేళ్ళపాటు ఆమెను చూసి నేనే పని నేర్చుకున్నాను.

మా నడక ఎప్పుడూ ఒకటే. పాతబస్తీ చౌకులో గడియారం గంట కొట్టే వేళకు గుంపుని నిలబెట్టాలి. కిటికీల్లోంచి బొమ్మలు తొంగిచూసి వెళ్ళిపోగానే "ఇంతేనా?" అన్నట్టు చూసే మొహాలను ఎలాగో నవ్వించాలి. అక్కణ్ణుంచి వంతెన, దాని మీద నల్లబడ్డ విగ్రహాలు, నది దాటాక కొండ మీది కోట, పెద్ద చర్చి, కదలకుండా నిలబడే సైనికులు. మూడు గంటలయ్యేసరికి జనానికి కాళ్ళు లాగుతుంటాయి, రాజులందరూ ఒక్కడే అయిపోతారు. అప్పుడు క్వేతా వాళ్ళని కోట కింది సందులోకి దింపి, గుమ్మం పైన మూడు కొంగలు చెక్కిన పాత ఇంటి ముందు ఆపేది. చేతిలో ఎత్తిపట్టుకున్న ఎర్ర గొడుగు దించి గొంతు తగ్గించేది.

"పంతొమ్మిది వందల యాభై ఒకటిలో ఈ ఇంటి రెండో అంతస్తులో బ్రాజ్డా అనే సంగీతం మాస్టారు ఉండేవాడు. తలుపులు వేసుకుని విదేశీ రేడియో వినేవాడు. అది కమ్యూనిస్టుల కాలం, దొరికితే ప్రమాదం. కింద సోయ్కా అని ఈ ఇంటి కాపలాదారు. మెట్లు తుడుస్తూ తలుపుకి చెవి ఆనించాడు. రహస్య పోలీసులకు ఉప్పందించాడు. మాస్టారిని యురేనియం గనులకు పంపారు, ఆయన మళ్ళీ తిరిగి రాలేదు. వారం తిరక్కుండా కాపలాదారు పెళ్ళాం బిడ్డలతో ఆ రెండు గదుల్లోకి మారాడు. మాస్టారి పియానో అక్కడే ఉండిపోయింది. కాపలాదారు కూతురు దాని మీదే సరిగమలు నేర్చుకుంది."

ఆ చివరి మాట దగ్గర ఎవరో ఒకరు కళ్ళు తుడుచుకునేవారు. ఊరికి వెళ్ళాక రాసే ఉత్తరాల్లో కోట గురించి ఒక ముక్క ఉంటే, మూడు కొంగల ఇంటి గురించి పది ముక్కలుండేవి. మేమందరం ఆ కథ ఎత్తుకున్నాం. ఎండాకాలంలో రోజుకి పది గుంపులు ఆ గుమ్మం ముందు ఆగేవి.

కథ ఆమెకు ఒక ముసలి గైడు చెప్పాడు. అతను పోయి చాలా ఏళ్ళయింది. పియానో దగ్గర పాఠం నేర్చుకున్న పిల్లని మాత్రం క్వేతాయే కల్పించింది. ఒకరోజు జనం ఆవలిస్తుంటే నోటికి వచ్చిందట. ఆ రోజు వాళ్ళు ఆవలింతలు మానేశారు కాబట్టి మర్నాడు కూడా చెప్పింది.

ఆ ఇంటి కింది వాటాలో, వీధి పక్క కిటికీ దగ్గర ఒక పెద్దావిడ కూర్చుని ఉండేది. పూలకుండీలకు నీళ్ళు పోసేది, బంగాళాదుంపలు చెక్కు తీసేది. గుంపులు వస్తే నవ్వి చెయ్యి ఊపేది. వాళ్ళు ఫొటోలు తీసుకునేవారు. మేం చెప్పేది జర్మనులోనో ఇంగ్లీషులోనో. ఆవిడకు అందులో ఒక్క ముక్క కూడా అర్థమయ్యేది కాదు.

ఒక మే నెలలో క్వేతాకు మొరావియా నుంచి వచ్చిన పింఛనుదార్ల గుంపు పడింది. మా దేశం వాళ్ళే కాబట్టి అన్నీ మా భాషలోనే చెప్పింది. మూడు కొంగల దగ్గర పియానో దాకా వచ్చేసరికి పక్కన కిటికీ రెక్క గోడకు కొట్టుకుంది. పెద్దావిడ చేతిలో దుంపల కత్తితోనే లేచి నిలబడింది.

"ఏమమ్మా, ఆ పియానో ఎక్కడుంది?"

క్వేతాకు అర్థం కాలేదు. "ఏమండీ?"

"నేను నేర్చుకున్నానన్నావే, ఆ పియానో. ఎక్కడుందో చూపించు. సోయ్కా మా నాన్న. నేనే ఆ కూతుర్ని."

అప్పుడు గుంపులో ఒక ముసలాయన, టోపీ సర్దుకుంటూ, "ఓహో! నాన్న సంపాదించిపెట్టిన ఇంట్లోనే ఉన్నావన్నమాట, హాయిగా" అన్నాడు.

"రా, లోపలికి రా. ఎంత హాయిగా ఉన్నానో చూద్దువుగాని" అంది ఆవిడ. మళ్ళీ క్వేతా వైపు తిరిగింది. "పన్నెండేళ్ళ నుంచీ నిన్ను చూసి నవ్వుతున్నానే, తల్లీ. నువ్వు కొంగల గురించి చెబుతున్నావనుకున్నాను."

కిటికీ మూసేసింది.

ఆ మర్నాడు క్వేతా నాతో భోజనానికి కూర్చుని పప్పు సూపు ముట్టుకోలేదు. జరిగినదంతా చెప్పి, "ఆ ముసలాయన అన్న మాట నేనే అన్నట్టు ఉంది, ఓతా" అంది.

"నీకేం తెలుసు ఆవిడ అక్కడుందని?"

"తెలుసుకోవాల్సింది. పాతికేళ్ళు పిల్లలకు చరిత్ర చెప్పాను. ఎవరు చెప్పారు, ఎక్కడ రాసుంది అని అడగమని నేర్పాను. నేను ఒక్కసారి అడిగానా?"

ఆదివారం ఇంట్లో కేకు చేసి పట్టుకుని ఆ తలుపు కొట్టింది. పెద్దావిడ పేరు హెడ్వికా. తలుపు గొలుసు తియ్యకుండానే, "మళ్ళీ ఏం కావాలి?" అంది.

"క్షమాపణ చెప్పుకుందామని వచ్చానండీ."

"చెప్పుకున్నావుగా. వెళ్ళు."

క్వేతా వెళ్ళలేదు, మెట్టు మీద కూర్చుంది. అరగంటకు గొలుసు చప్పుడైంది. లోపల ఒకటే గది, వంటా పడకా అందులోనే. మూలన బొగ్గు వేసుకునే చోటు నల్లగా ఉంది.

"ఇదే మా వాటా. నేను పుట్టిందీ ఇందులోనే" అంది హెడ్వికా. "మాస్టారి గదుల్లోకి ఎవరో ఆఫీసరు వచ్చాడు. పియానోని నలుగురు మనుషులు మెట్ల మీంచి దింపి లారీలో పట్టుకుపోయారు. మా గోడ గీసుకుపోయింది. అంతే తప్ప నేనా పియానోని తాకలేదు."

"మరి మీ నాన్నగారు..."

"చెప్పాడా లేదా అంటావా? నాకు తెలియదు. బళ్ళో నన్ను చాడీల సోయ్కా కూతురు అనేవాళ్ళు. ఎవరూ నా పక్కన కూర్చునేవాళ్ళు కాదు. ఇంటికొచ్చి ఆయన మొహం చూసేదాన్ని, అడగడానికి నోరు రాలేదు. ఆయన చచ్చిపోయి నలభై ఏళ్ళు దాటింది. ఇప్పుడు పరాయి దేశాల వాళ్ళకి కూడా తెలిసిపోయింది, మా ఇంటి సంగతి."

కేకు కొయ్యలేదు. క్వేతా వస్తుంటే పొట్లం మళ్ళీ చేతికిచ్చింది.

పాత రహస్య పోలీసుల కాగితాలు ఇప్పుడు ఎవరైనా అడిగి చూడవచ్చు. క్వేతా అర్జీ పెట్టింది. జవాబు రావడానికి ఐదు నెలలు పట్టింది. ఈలోగా ఆమె మూడు కొంగల దగ్గర ఆగడం మానేసింది. గుంపుని పక్క సందులోంచి తీసుకెళ్ళేది. కంపెనీ నడిపే రాదిమ్ అనే కుర్రాడు ఆమెను పిలిపించాడు.

"క్వేతా గారూ, జనం ఫిర్యాదు చేస్తున్నారండీ. ఇంట్లో బయల్దేరేటప్పుడే ఆ కథ గురించి చదువుకుని వస్తారు. అది లేదంటే మోసం అంటున్నారు."

"ఆ కథే మోసం, రాదిమ్."

"నిజమేదో అది చెప్పండి, నేనొద్దన్నానా?"

"నిజం ఇంకా నాకే తెలియదు."

అతను నుదురు రుద్దుకున్నాడు. "చూడండి, వాళ్ళు సెలవులకి వచ్చినవాళ్ళు. 'ఎవరో తెలియదు, ఏమో తెలియదు' అంటే వినడానికి సందులో ఎండలో నిలబడతారా?"

అక్టోబరులో కాగితాలు వచ్చాయి. బ్రాజ్డా మాస్టారి ఫైలు ఉంది. ఉప్పందించినవాడికి ఒక మారుపేరు ఉంది. రాసిన వివరాలు చూస్తే, వాడు పాఠం కోసం వారానికి రెండుసార్లు పియానో పక్కనే కూర్చున్నవాడని తెలుస్తోంది. ఆ మారుపేరు మనిషెవరో చెప్పే ఫైలు మాత్రం ఎనభై తొమ్మిదిలో, పాత కమ్యూనిస్టు ప్రభుత్వం పడిపోయిన రోజుల్లో, కాల్చేశారు. ఇంకో రెండు కాగితాలున్నాయి. అవి సోయ్కా ఇచ్చిన వాంగ్మూలాలు. పోలీసులు మొదటిసారి పిలిచినప్పుడు, 'అద్దె సమయానికి ఇస్తాడు, సంగీతం తప్ప ఏమీ వినపడదు, నాకు చెముడు' అని చెప్పాడు. రెండోసారి రెండు రోజులు ఉంచుకున్నారు. ఆ రెండో రోజున, విదేశీ రేడియో వినిపించేది నిజమేనని సంతకం పెట్టాడు. అప్పటికి మాస్టారిని పట్టుకెళ్ళి పదకొండు రోజులైంది.

క్వేతా ఆ కాగితాల నకళ్ళు సంచిలో పెట్టుకుని వారం రోజులు తిరిగింది. "మొదటి కాగితం ఒక్కటే చూపిస్తే?" అని నన్నడిగింది.

"అదే చెయ్యి. ఆ వయసులో ఆవిడకి ఇంకేం కావాలి?" అన్నాను నేను.

"మళ్ళీ నేనే కథ అల్లాలా?" అంది.

రెండు కాగితాలూ హెడ్వికాకు చదివి వినిపించింది. ఆవిడ బల్ల మీద చేతులు పెట్టుకుని వింది.

"అయితే సంతకం పెట్టాడు."

"పెట్టారు. కానీ మాస్టారిని తీసుకెళ్ళాక. ఆయన వల్ల కాదు..."

"తారీకు చదువు."

క్వేతా చదివింది. హెడ్వికా ఇంకోసారి చదవమంది. "ఆ రెండు రోజులూ నాన్న అత్త ఊరికి వెళ్ళాడని చెప్పింది అమ్మ. వచ్చాక ముందుపళ్ళు లేవు. మెట్ల మీద పడ్డానన్నాడు. మెట్లు తుడిచే మనిషి మెట్ల మీద పడతాడా అని నేను నవ్వాను" అంది. క్వేతా వెళ్తుంటే, "ఆ నకళ్ళు ఇక్కడ వదిలివెళ్ళు" అంది.

ఆ తర్వాత క్వేతా కంపెనీలో ఉన్న పదకొండు మందినీ ఒక్కొక్కర్నీ కలిసింది. వేరే కంపెనీల గైడుల్ని గడియారం కింద నిలబడి పట్టుకుంది. "ఆ కథ అబద్ధం. పియానో పిల్లని నేనే పుట్టించాను. దయచేసి ఆపండి" అని బతిమాలింది. కొందరు సరేనన్నారు. కొందరు, "అన్నం పెట్టిన కథే కదా, ఇన్నాళ్ళకి చేదైందా?" అని ఎగతాళి చేశారు. తను నిజం చెప్పడం మొదలుపెట్టింది. జనం వింటారు, తర్వాత "ఇంతకీ ఎవరు చెప్పారు?" అంటారు. తెలియదు అంటే ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంటారు. కొత్త సంవత్సరంలో రాదిమ్ ఆమెకు పని ఇవ్వలేదు. జంతుశాల గేటు దగ్గర టికెట్లు చింపే ఉద్యోగంలో చేరింది.

నేను మానేస్తానని మాటిచ్చాను. మానేశాను కూడా, ఒక్కసారి తప్ప. ఆ రోజు వాన, వియన్నా వాళ్ళ గుంపు, ఒక్కడూ నా మాట వినడం లేదు. కాళ్ళు వాటంతటవే మూడు కొంగల దగ్గర ఆగాయి. చెప్పేశాను. కళ్ళు తుడుచుకున్నారు. తిరిగి చూస్తే ఇంటి గుమ్మంలో క్వేతా, చేతిలో సూపు గిన్నె. పనికి సెలవైన రోజుల్లో హెడ్వికాకు తెచ్చిపెడుతోందని నాకు తెలియదు. ఆమె గిన్నెతో లోపలికి వెళ్ళిపోయింది. రెండు రోజుల తర్వాత ట్రాములో కలిస్తే, "పియానో కూడా చెప్పావు, ఓతా" అంది. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వేసవిలో ఎవరో కిటికీ కింద గోడ మీద ఎర్రరంగుతో 'ద్రోహి' అని రాశారు. ఆ కథ ఎక్కడో చదివి వచ్చిన పిల్లకాయలు కావచ్చు. నేను వెళ్ళేసరికి క్వేతా మోకాళ్ళ మీద కూర్చుని ఇనుపబ్రష్షుతో గీకుతోంది. హెడ్వికా బకెట్టుతో నీళ్ళు అందిస్తోంది. నేనూ ఒక బ్రష్షు తీసుకున్నాను. మూడోనాటికి అక్షరాలు పోయాయి కానీ ఆ మేర గోడ తెల్లబడి, దూరం నుంచి కూడా చదవగలిగేలా మిగిలింది.

హెడ్వికా ఇక ఉండలేనంది. పార్దుబిత్సె అనే ఊళ్ళో ఉన్న అక్క కూతురు వచ్చి తీసుకెళ్తానంది. డెబ్భై ఏళ్ళు బతికిన గది రెండు పెట్టెల్లో సరిపోయింది. సర్దడానికి క్వేతా వెళ్ళింది. పూలకుండీలు ఆమెకే ఇచ్చింది హెడ్వికా. కారెక్కే ముందు ఆమె చెయ్యి పట్టుకుంది.

"నువ్వు మంచిదానివే. ఏడాదిగా చూస్తున్నాను. కానీ నేను నిన్ను క్షమించలేదు. నటించడం నాకు చాతకాదు, అందుకని చెప్తున్నాను."

"తెలుసండీ" అంది క్వేతా.

ఆ వాటాని బాగుచేసి ఇప్పుడు టూరిస్టులకి రోజులవారీగా ఇస్తున్నారు. కథ ఇంకా అక్కడ నడుస్తూనే ఉంది. ఈమధ్య విన్నదాన్లో కాపలాదారు కూతురు పెద్ద కచేరీలు చేసే స్థాయికి ఎదిగిపోయింది.

రెండేళ్ళ తర్వాత చలికాలంలో హెడ్వికా పోయిందని ఉత్తరం వచ్చింది. క్వేతా రైల్లో వెళ్ళింది, నేను తోడు వెళ్ళాను. శ్మశానం పక్క చిన్న గదిలో పది మంది కూడా లేరు. క్వేతా వెనక గోడకు ఆనుకుని నిలబడింది. అంతా అయ్యాక అక్క కూతురు అందరితో చేతులు కలుపుతూ మా దగ్గరకొచ్చింది. ఆ రోజు సామాను గొడవలో క్వేతా మొహం సరిగా చూసినట్టు లేదు.

"మీరు పిన్నికి ఏమవుతారండీ?"

క్వేతా చేతి తొడుగు తీసి ఆమె చెయ్యి అందుకుంది.

"ఏమీ కానమ్మా" అంది. "ఆవిడ ఇంటి ముందు పనిచేసేదాన్ని."