ఎనభై డెనియర్ నల్ల టైట్స్

శ్రీ సిటీలో ఒక హోటల్ రిసెప్షన్‌లో నాకు ఉద్యోగం వచ్చినప్పుడు మా ఇంట్లో వాళ్లు అన్నిటికంటే ఎక్కువగా సంతోషపడింది అక్కడ ఏసీ ఉంటుందని. నగరిలో మాది మరమగ్గాల ఇల్లు. ముందు గదిలో నాలుగు మగ్గాలు, వెనక గదిలో మేము. రేకుల కప్పు కింద ఎండాకాలం నాయన చొక్కా విప్పేసి, భుజాన తుండు వేసుకుని మగ్గాల మధ్య తిరిగేవాడు.

"సల్లగా కూసోని పని చేసే రాత నీకన్నా ఉండాది పాపా" అన్నాడు, నేను మొదటిరోజు బయలుదేరుతుంటే.

కూర్చోవడం అనేది అక్కడ లేదని ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. ఆ చల్లదనం ఎలాంటిదో కూడా తెలియదు.

రిసెప్షన్‌లో ఆడవాళ్లకు నల్ల కోటు, తెల్ల చొక్కా, మోకాళ్ల వరకు వచ్చే నల్ల స్కర్టు. ఫ్యాక్టరీలకు వచ్చే జపాన్, కొరియా ఇంజనీర్లు ఎక్కువగా దిగే హోటల్ అది. లాబీ అంతా పాలరాయి, అద్దాలు. ఏసీ గాలి మేము నిలబడే కౌంటరు వెనక్కి, సరిగ్గా కాళ్ల మీదికి వచ్చేది. పొద్దున ఏడింటికి నిలబడితే పదింటికల్లా పిక్కలు మొద్దుబారేవి. నేను కాలు మార్చి కాలు మీద నిలబడుతూ, పాదాలను ఒకదానికొకటి రుద్దుకుంటూ ఎనిమిది గంటలు గడిపేదాన్ని. గెస్టులు వస్తే మాత్రం నవ్వాలి.

నాకు పని నేర్పింది కౌంటరులో నాతోపాటు నిలబడే సీనియర్, అక్కా అని పిలిచేదాన్ని. ఆమెకు నలభై దాటాయి. తిరుపతి లాడ్జీల్లో, హోటళ్లలో ఇరవై ఏళ్లు పనిచేసి వచ్చింది. నగరి నుంచి మమ్మల్ని తీసుకుపోయే హోటల్ వ్యాన్‌ను పిచ్చాటూరులో ఎక్కేది. గెస్టు పేరు ఒకసారి వింటే మళ్లీ వచ్చినా మర్చిపోయేది కాదు. కోపంగా వచ్చినవాణ్ణి రెండు మాటల్లో చల్లబరిచేది. కానీ కౌంటరు దాటి బయటికి వచ్చేది కాదు. గెస్టుకు దారి చూపించాలన్నా, మంచినీళ్లు ఇవ్వాలన్నా నన్నే పంపేది. పెద్దదాన్నని నాతో పని చేయించుకుంటోంది అనుకున్నాను. రెండు వారాలు లోపల్లోపల గొణుక్కున్నాను.

ఒకరోజు బట్టలు మార్చుకునే గదిలో ఆమె కాళ్లు చూశాను. మోకాళ్ల వెనక నుంచి మడమల దాకా నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, నీలంగా పైకి తేలి ఉన్నాయి. నేను చూడటం ఆమె చూసింది.

"భయపడబాకు. నొప్పి లేదులే, సాయంత్రమైతే బరువెక్కుతాయి అంతే. ఇరవై ఏండ్లు నిలబడినదానికి ఇవి మిగిలినాయి" అంది. బూట్లు తొడుక్కుంటూ, "అందుకే కౌంటరు దాటను. నువ్వు నన్ను తిట్టుకుంటా ఉండావని తెలుసు" అంది.

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే టైట్స్ వెతకడం మొదలుపెట్టాను.

మా హోటల్‌కు వచ్చే విదేశీ ఆడవాళ్ల కాళ్లకు చూశాను వాటిని. నడుము నుంచి కాలివేళ్ల దాకా ఒకే తొడుగు, నల్లగా, చర్మం ఏ మాత్రం కనపడకుండా. తిరుపతిలో బట్టల అంగడికి పోయి అడిగితే అక్కడి అమ్మాయి లెగ్గిన్స్ తెచ్చి పరిచింది. అవి కాదంటే చిన్నపిల్లల స్కూలు సాక్సులు తెచ్చింది. "పాదాలు కూడా ఉండేవి, పల్చగా కాదు, మందంగా ఉండాలి" అని చెప్తే, "అట్లాంటివి ఈడ ఎవురేసుకుంటారు మేడమ్" అంది. చివరికి ఫోన్‌లో వెతికాను. అక్కడ ఇరవై, నలభై, ఎనభై, నూరు అని నెంబర్లు, పక్కన డెనియర్ అని రాసి ఉంది. అది సైజేమో అనుకుని తికమకపడుతుంటే నాయన కళ్లద్దాలు సవరించుకుని ఫోన్ లాక్కున్నాడు.

"సైజు కాదు పాపా, దారం లావు. పాలిస్టరు దారానికి మేమూ ఇదే లెక్క సూస్తాం. నూలుకు నెంబరు పెరిగితే సన్నమవుతాది, దీనికి పెరిగితే లావవుతాది. ఎనభై తీసుకో. నూరైతే మందమెక్కువై మోకాలి కాడ ముడతలు పడతాది."

మెరుపు ఉన్నవి వద్దని, మెరుపులేని నలుపు తీసుకోమని కూడా ఆయనే చెప్పాడు. ఆడవాళ్లు కాళ్లకు వేసుకునే వస్తువు గురించి నాయనతో అంతసేపు మాట్లాడతానని నేనెప్పుడూ అనుకోలేదు. పార్సిల్ వచ్చినరోజు ఆయన లోపలికి చెయ్యి పెట్టి, వేళ్లు చాపి, వాకిట్లో వెలుతురుకు పట్టి చూశాడు. చెయ్యి కనపడలేదు. "మంచి నేత" అన్నాడు. మిషన్ మీద అల్లిన గుడ్డను నేత అనరని ఆయనకు తెలుసు. అయినా ఆయన దగ్గర ఉన్న మెప్పు మాట అదొక్కటే.

రెండు జతలు తెప్పించాను, నాకొకటి, అక్కకొకటి. ఆమె కొంచెం లావు కాబట్టి ప్యాకెట్ వెనక ఎత్తు, తుంటి కొలతల పట్టిక చూసి పెద్దది తీసుకున్నాను. వేసుకోవడం ఇద్దరికీ రాలేదు. గోళ్లు కత్తిరించుకుని, మొత్తం గుడ్డను కాలివేళ్ల దాకా చేతుల్లోకి కుచ్చుకుని, కొంచెం కొంచెంగా పైకి తీసుకుపోవాలి. అక్క మెట్టెలు నైలాన్‌కు తగులుకున్నాయి. తీయమంటే ఒప్పుకోలేదు. వేళ్లకు దూది చుట్టి, పైన దారం కట్టి తొడుక్కుంది. పూర్తయ్యాక అద్దం ముందు నిలబడింది. కోటు, స్కర్టు, కాళ్లు, బూట్లు అన్నీ నలుపే. నడుము నుంచి నేల దాకా ఒకే గీతలా ఉంది మనిషి.

"ఏంది మే ఇది, పట్నందాన్ని మాదిరి ఉండాను" అంది. పక్కకు తిరిగి మళ్లీ చూసుకుంది.

ఆరోజు ఆమె కౌంటరు దాటి లాబీ మధ్యలో నడిచింది. ఒక ముసలి జపాన్ ఆయనకు ట్రేలో నీళ్లు తీసుకుపోయింది. తిరిగి వస్తూ అవసరం లేకపోయినా పూలకుండీ దగ్గర ఆగి ఆకులు సర్దింది. నేను చూసి నవ్వితే, "గమ్మునుండు" అంది.

చలి ఆగింది. బిగుతుగా పట్టి ఉండటంతో సాయంత్రానికి కాళ్ల బరువు కూడా తగ్గిందని చెప్పింది. ధనుర్మాసంలో తెల్లవారుజామున వ్యాన్ అద్దాలన్నీ మంచుతో మసకబారి ఉండేవి. మేమిద్దరం చుడీదార్ ప్యాంట్ల కింద కూడా అవే వేసుకుని వచ్చేవాళ్లం. నా కాళ్ల మీద నాకు మొదటిసారి ఇష్టం కలిగింది కూడా అప్పుడే. నడుస్తూ అద్దాల తలుపుల్లో చూసుకునేదాన్ని. మేనేజరు కూడా "చాలా స్మార్ట్‌గా ఉన్నారు ఇద్దరూ" అన్నాడు.

రెండు నెలలు అలా గడిచాయి. తర్వాత వెబ్‌సైట్ కోసం ఫోటోలు తీయించాలని హెడ్డాఫీసు నుంచి ఒకావిడ వచ్చింది. మా ఇద్దరినీ పైనుంచి కిందికి చూసి, కాళ్లు బరువుగా కనపడుతున్నాయని మేనేజరుతో చెప్పి పోయింది. మర్నాడు మేనేజరు మా చేతిలో చెరో ప్యాకెట్ పెట్టాడు. పదిహేను డెనియర్. ఉల్లిపొర లాంటిది. చర్మం రంగు అని రాసి ఉంది దాని మీద. ఎవరి చర్మమో. నా చేతి పక్కన పెట్టి చూస్తే సున్నం కొట్టినట్టుంది.

"ఇకనుంచి ఇవే" అన్నాడు.

ఆ సాయంత్రం వ్యాన్‌లో అక్క నా పక్కనే కూర్చుంది. సత్యవేడు దాటాక, "రేపు ఇద్దురం పోయి అడుగుదాం. నా కాళ్ల సంగతి ఆయప్పతో నేను సెప్పుకోలేను. చలికి అని నేను మొదలుపెడతాను, మిగిలింది నువ్వు సెప్పు" అంది. నేను సరే అన్నాను. చెప్పాల్సిన మాటలు ఇద్దరం కలిసి అనుకున్నాం కూడా.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అంతకు వారం ముందే మేనేజరు నన్ను పిలిచి, ఫోటోలో ముందు నిలబడేది నేనేనని, ఏప్రిల్ నుంచి రిసెప్షన్ బాధ్యత నాకే ఇద్దామనుకుంటున్నానని చెప్పాడు. అక్కకు నేనది చెప్పలేదు.

మర్నాడు ఆయన గదిలోకి పోయాం. అక్క చేతులు కట్టుకుని నిలబడింది.

"సార్, మాకు నల్లవే ఉండనీండి. చలికి ఆగతాయి. నాకు కాళ్లకు కూడా..." అని ఆపింది. నావైపు చూసింది.

మేనేజరూ నావైపు చూశాడు. "మీకూ ఇబ్బందేనా?"

"నాకేం లేదు సార్" అన్నాను.

అది అనడానికి నాకు ఒక్క క్షణం కూడా పట్టలేదు. భయపడి తడబడ్డానని చెప్పుకోవడానికి కూడా లేదు. నోట్లో సిద్ధంగా పెట్టుకున్నట్టు వచ్చేసింది.

బయటికి వచ్చాక వరండాలో అక్క ఆగింది.

"ఆ ఒక్క మాట సెప్పేదానికి నోరు రాలేదా నీకు?"

"నేను వేసుకోగలను కదక్కా. లేని ఇబ్బంది ఉండాదని అబద్ధం ఎట్ల సెప్పేది?"

"అబద్ధం ఎవురు సెప్పమన్నారు? నాకుండేది సెప్పమన్నాను" అంది. గొంతు పెంచలేదు. కౌంటరు దగ్గరికి పోయి ఎప్పటిలాగే గెస్టుల లిస్టు తీసింది.

మూడు రోజులు ఆమె ఆ పల్చటివి వేసుకుని నిలబడింది. ఆ గుడ్డ కింద నరాలు ఇంకా ఎక్కువగా కనపడ్డాయి. మూడోరోజు మేనేజరు ఆమె కాళ్లను చూశాడు. అప్పుడైనా నల్లవి వేసుకోమంటాడనుకున్నాను. "మీరు లోపల ఉంటే మీకే సుఖం" అని చెప్పి, దుప్పట్లు, తువ్వాళ్లు మడతపెట్టే గదికి మార్చాడు. బట్టలుతికే మిషన్ల పక్కన ఉంటుంది ఆ గది. చలి మాట లేదు, ఆవిరి. అక్కడా నిలబడే పని.

వ్యాన్‌లో ఆమె నా పక్కన కూర్చోవడం మానేసింది. నేను మాట్లాడబోతే "నిద్దర వస్తాది" అని కళ్లు మూసుకునేది. నెలన్నర తర్వాత ఒక సోమవారం పిచ్చాటూరులో వ్యాన్ ఆగింది. ఆమె లేదు. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టి బయలుదేరాడు. మానేసిందని హోటల్‌కు పోయాక తెలిసింది.

వెబ్‌సైట్‌లో ఫోటో వచ్చింది. నేను కౌంటరు వెనక నిలబడి నవ్వుతున్నాను. నడుము నుంచి కిందంతా కౌంటరు చెక్క. ఏ కాళ్ల కోసం ఇదంతా జరిగిందో ఆ కాళ్లు ఫోటోలోనే లేవు. నాయన ఆ ఫోటోను ఫోన్‌లో పెద్దది చేసి చూసి, వీధిలో అందరికీ చూపించి వచ్చాడు. నేను వద్దనలేదు.

ఏడాది తిరక్కముందే మేనేజరు మారాడు. కొత్తాయన వచ్చిన వారానికే, ఇంత చలిలో స్కర్టులేమిటని అడిగి, అందరికీ ప్యాంట్లు కుట్టించాడు. ఎవరూ అడగలేదు. అర్జీ పెట్టుకోలేదు. టైలరు వచ్చి కొలతలు తీసుకుని పోయాడు. అంత తేలికైన పని అది.

మొన్నామధ్య అమ్మకు చీర తీసుకుందామని తిరుపతి పోయాను. గాంధీ రోడ్డు దగ్గర ఒక పెద్ద బట్టల అంగడి. రెండో అంతస్తులో తెల్లదుప్పటి పరిచిన చోట, అంగడి ఇచ్చిన మెరూన్ చీరలో, అక్క నిలబడి ఉంది. నన్ను చూసింది. చూసి కూడా, "రండమ్మా, ఏం సూపించమంటారు?" అంది.

మీరు అని. అమ్మా అని.

"అక్కా, నేను" అన్నాను.

"తెలస్తానే ఉండాది. ఎవురికి చీర?"

అమ్మకని చెప్పాను. ఆమె అల్మారా నుంచి నాలుగు నూలు చీరలు దించి విప్పింది. వాటిని చూస్తూ హోటల్ సంగతులు చెప్పాను. మేనేజరు మారాడని, ఇప్పుడందరికీ ప్యాంట్లని, ఆమె వస్తానంటే కొత్తాయనతో నేను మాట్లాడతానని చెప్పాను. ఆమె చేతులు ఆగాయి.

"ప్యాంట్లు నువ్వు అడిగితే ఇచ్చినారా?"

"లేదక్కా. ఆయనంతకు ఆయనే మార్చినాడు."

"అట్లనా" అంది. విప్పిన చీర మడతలు మళ్లీ సర్దింది. "నాకు ఈడ బానే ఉండాది. చీర కట్టుకుంటే కాళ్లు ఎవురికీ కనపడవు."

"నొప్పి ఎట్లుండాది?"

ఆమె ఇంకో చీర మడత విప్పింది. పక్కన ఎవరో పెళ్లిచీరలు అడిగితే, "ఒక్క నిమిషం" అని వాళ్లకు చెప్పి, నావైపు తిరిగి, "ఈ కాఫీపొడి రంగుది తీసుకోండి, పెద్దామెకు బాగుంటాది, ఉతికినా రంగు పోదు" అంది. ఆమె చెప్పినదే తీసుకున్నాను. మడిచి, కవర్లో పెట్టి, రెండు చేతులతో ఇచ్చింది, ఎవరికైనా ఇచ్చినట్టే.

మెట్లు దిగుతూ వెనక్కి చూశాను. ఆమె ఒక పాదం ఎత్తి ఇంకో కాలి పిక్కకు ఆనించి, పెళ్లివాళ్లకు చీర కొంగు విప్పి చూపిస్తోంది.