గడియారం నిలవని కంప్యూటర్

రిటైర్మెంటుకు నాలుగేళ్ల ముందు, ఒక ఫిబ్రవరిలో, విశాఖ పోర్టులో సరుకు దింపే ఒక ప్రైవేటు కంపెనీ నన్ను క్రేన్ల నిర్వహణకు సీనియర్ ఇంజనీరుగా వేసింది. టేబుల్ మీద కొత్త కంప్యూటర్ సిద్ధంగా ఉంది. దాన్ని వెనక్కి పంపి, వాడకం మానేసి స్టోర్లో పడేసిన పాతవాటిలోంచి ఒకటి ఏరుకున్నాను. ఆఫీసంతా నవ్వుకుంది. నవ్వనీ అనుకున్నాను.

కారణం ఉంది. క్రేన్ ఎత్తే బరువును చూపే మీటరు పాతకాలపుది. దాని కేబులు తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టుకే తగులుతుంది. కొత్త కంప్యూటర్‌కు ఆ పోర్టు లేదు, మధ్యలో కన్వర్టర్ పెడితే అంకెలు మధ్యమధ్య ఎగిరిపోయేవి. అందుకే మూతలు విప్పి చూసి, కెపాసిటర్లు ఉబ్బనిదాన్ని, ఫ్యాను చప్పుడు చేయనిదాన్ని ఎంచుకున్నాను. ఒక్క లోపం మిగిలింది. బోర్డు మీది బిళ్ల బ్యాటరీ మార్చినా గడియారం నిలవలేదు. కరెంటు తీస్తే తేదీ ఎప్పటిదో జనవరి ఒకటికి వెళ్లిపోయేది. మీటరు పంపేది బరువు మాత్రమే, తేదీ వేసేది కంప్యూటరే. రోజూ ఉదయం చేతి వాచీ చూసి నేనే సరిచేసేవాణ్ని. స్టోర్ రిజిస్టర్లో లోపాల గడి మాత్రం ఖాళీగా వదిలేశాను. రాస్తే స్టోర్ వాళ్లు తుక్కు కింద లాగేసుకుంటారు. మా దగ్గర అందరూ చేసే పనే అది.

ఏడాదిన్నర తర్వాత కంటి ఆపరేషన్‌కని సెలవు పెట్టాను. మూడో రోజు సరుకును క్రేన్ కొక్కేనికి కట్టే తాడు, స్లింగు, తెగి స్టీలు కాయిల్ జెట్టీ మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఆపరేటర్ అప్పలనాయుడు పరిమితికి మించి ఎత్తాడేమోనని కంప్యూటర్ చూస్తే, ఆ తేదీన ఒక్క నమోదూ లేదు. మీటరు ఆపేసి ఎత్తాడని విచారణ కమిటీ సస్పెండ్ చేసింది.

అతను గాజువాకలో బస్సెక్కి నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"నాను మీటరు ఆపనేదండి బాబూ. మీ కంప్యూటర్ల సూడండి, ఉంటాది," అన్నాడు.

ఎక్కడ ఉంటుందో నాకు ఆ క్షణానే తెలిసింది. సిగ్గుతో అతని మొహం చూడలేకపోయాను.

మర్నాడే ఆఫీసుకు వెళ్లాను. మూడు రోజుల నమోదులూ ఆ జనవరి ఒకటి కిందే కలగాపులగంగా ఉన్నాయి. షిఫ్టు లాగ్‌బుక్కుతో ఒక్కొక్కటే సరిపోల్చాను. ప్రతి ఎత్తూ పరిమితిలోనే ఉంది. గడియారం సంగతి నాకు మొదటినుంచీ తెలుసనీ, కావాలనే రాయలేదనీ కమిటీకి సంతకం పెట్టి ఇచ్చాను. నాకు చార్జిమెమో వచ్చింది. రావలసిందే.

అప్పలనాయుణ్ని తిరిగి తీసుకున్నారు గానీ, ఇరవై మూడేళ్లు నడిపిన క్రేన్ మాత్రం ఇవ్వలేదు. ఒకసారి అనుమానం పడ్డ మనిషిని పైకి ఎక్కించడం ఎందుకన్నారు. జెట్టీ మీద కింద నిలబడి, పైనున్న ఆపరేటరుకు చేతి సైగలు చేసే పనిలో వేశారు. క్షమించమని అడగడానికి అక్కడికే వెళ్లాను.

"కోపమేటి నేదండి. మీరు సెలవెట్టినప్పుడు ఒక్క ముక్క సెప్పుంటే, టైం నానే మార్సుకుందును కదండి," అన్నాడు.

పాత యంత్రాన్ని ఎంచుకోవడం తప్పని నేను ఇప్పటికీ అనుకోను. దాని లోపం నా ఒక్కడికే తెలియడాన్ని పనితనం అనుకున్నాను. దాని ఫలితం అనుభవించింది నేను కాదు.