ఆపుకోవడం నేర్చుకున్న పిల్ల

ఆ కుట్టు ఫ్యాక్టరీలో ఆడవాళ్ళకు పేర్లుండవు. చొక్కాలో ఎవరు ఏ ముక్క కుడితే అదే వాళ్ళ పేరు. చేతి పట్టీలు కుట్టే పిల్ల కఫ్. జేబులు వేసే ఆవిడ జేబు. గుండీలకు కాజాలు తీసే పెద్దావిడ కాజా అక్క. మన మనిషి కాలర్. లారీ మీద ఊళ్ళు తిరిగే ఆమె మొగుడు కూడా ఫోన్లో సరదాకి "ఏం కాలరూ, తిన్నావా?" అనేవాడు.

లైను చివర, సూపర్‌వైజరు బల్ల పక్కన, మేకుకి ఒక ఇత్తడి బిళ్ళ వేలాడుతుంటుంది. బాత్రూంకి పోవాలంటే ఆ బిళ్ళ తాడు మెడలో వేసుకుని పోవాలి. లైనంతటికీ బిళ్ళ ఒక్కటే. పోయిన మనిషి తిరిగొచ్చి దాన్ని మేకుకి తగిలించేదాకా రెండో మనిషి లేవకూడదు. పశువు మెడలో గంటలా అది ఊగుతుంటే, మూటలు మోసే మగవాళ్ళ మధ్య నుంచి నడిచి పోవాలి. ఎందుకు పోతోందో, ఎంతసేపటికి వచ్చిందో అందరికీ తెలుస్తుంది. "మళ్ళీనా? పొద్దున్నే ట్యాంకు మింగి వచ్చావా ఏం?" అంటాడు సూపర్‌వైజరు. నవ్వేవాళ్ళు నవ్వుతారు.

కాలర్ ఏనాడూ కిమ్మనలేదు. తనదైన ఉపాయం కనిపెట్టుకుంది. పొద్దున లేచాక మంచినీళ్ళు ముట్టదు. టీ తాగదు. మధ్యాహ్నం మెతుకు గొంతులో దిగడానికి రెండు గుక్కలు, అంతే. పెదాలు పగిలాయి. ఒంటికి పోతే మంట. అదంతా తన ఒంటి సంగతే అనుకుంది గాని ఫ్యాక్టరీ చేస్తున్న అన్యాయం అనుకోలేదు. పైపెచ్చు కాస్త గర్వం కూడాను. "నేను ఆ బిళ్ళ ముట్టుకుని ఎన్నాళ్ళయిందో తెలుసా?" అని చెప్పుకునేది.

"ఉండు, శాలువా తెస్తాం" అనేది కాజా అక్క.

కాలర్‌కి మూడేళ్ళు నిండబోతున్న కూతురుంది. పిలుపు పేరు పిడుగు. అది గుక్కపట్టి ఏడిస్తే కింది వాటా వాళ్ళు మెట్లెక్కి వచ్చేవాళ్ళు. ఇంట్లో చూసేవాళ్ళెవరూ లేరు గనక ఫ్యాక్టరీ కింది అంతస్తులో పిల్లల గదిలో వదిలేది. గది నిండా పిల్లలు, ఆయమ్మ మాత్రం ఒక్కతే. చెడ్డ మనిషి కాదు, చేతులు చాలని మనిషి. గంట కొట్టినప్పుడు అందరినీ బాత్రూంలో వరసగా కూర్చోబెట్టేది. గంట కాని వేళ చెడ్డీ తడిపిన పిల్లని అలాగే మూల నిలబెట్టేది.

ఒక సాయంత్రం ఆయమ్మ పిల్లనీ, తడి బట్టల సంచీనీ కలిపి తల్లి చేతికిచ్చింది.

"అమ్మా కాలరూ, నా మీద కోపం తెచ్చుకోకు. నీ పిడుగు ఇవాళ కూడా తడిపింది, రెండుకి కూడా చెడ్డీలోనే పోయింది. మూడేళ్ళు నిండాక చెడ్డీ తడిపేవాళ్ళని ఉంచుకోవద్దని పైవాళ్ళు చెప్పారు. దాని పుట్టినరోజు దాకా ఎలాగో నెట్టుకొస్తా. ఆ తర్వాత నా చేతుల్లో లేదు."

ఇంటికి నడిచినంతసేపూ కాలర్‌కి ఒకటే గుబులు. ఆ గదిలో చోటు పోతే పిల్లని ఎక్కడ పెట్టాలి? ఇంట్లో ఒంటరిగా పెట్టి తాళం వేయడం కుదరదు. తను ఇంట్లో కూర్చుంటే మర్నాటికే ఆ మిషను మీద ఇంకో కాలర్ ఉంటుంది.

అందుకని తనకి బాగా వచ్చిన విద్యే కూతురికి నేర్పింది.

"ఆపుకోవాలమ్మా. గంట కొట్టేదాకా ఆపుకోవాలి. అమ్మ ఆపుకోవట్లా? మా బంగారు కొండ కదూ!" కాళ్ళు దగ్గరికి చేర్చి, పిడికిళ్ళు బిగించి ఎలాగో చేసి చూపించింది. సంచీలో నీళ్ళ సీసా పెట్టడం మానేసింది. చెడ్డీ పొడిగా ఉన్న రోజు ముద్దులు. తడిసిన రోజు మొహం చూసేది కాదు. ఒకసారి తొడ మీద గట్టిగా చరిచింది కూడా.

పిల్ల చురుకైనది. ఇట్టే పట్టేసింది. "చూశావా, దారికొచ్చేసింది!" అంది ఆయమ్మ. కాలర్ లైనులో అందరికీ గొప్పగా చెప్పుకుంది.

ఇంట్లో పిడుగు గోల తగ్గింది. బుద్ధి వస్తోందనుకుంది తల్లి. అన్నం వద్దంటే మారాం అనుకుంది. మునివేళ్ళ మీద నిలబడి, తలుపు చాటున మొహం కందగడ్డలా చేసుకుని వణికిపోతుంటే ఏదో ఆటనుకుంది. పొట్ట రాయిలా గట్టిపడి, ఒళ్ళు పెనంలా కాలిపోతుంటే అప్పుడు భుజాన వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తింది.

డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది. "రెండుకి ఎప్పుడెళ్ళింది?"

కాలర్ వేళ్ళ మీద రోజులు లెక్కపెట్టబోయింది. ఇన్నాళ్ళూ పొడి చెడ్డీలే చూసుకుంది గాని, ఈ సంగతి తట్టనే లేదు. "గుర్తు లేదండీ."

"లోపలంతా బిగుసుకుపోయింది. ఇంత పసిదానికి ఆపుకోవడం ఎవరమ్మా నేర్పింది?"

"నేనేనండీ."

ఎనిమా పెడుతున్నంతసేపూ పిల్ల "అమ్మా" అని అరవలేదు. "ఆపుకుంటా, ఆపుకుంటా, కొట్టొద్దు" అని అరిచింది. కాలర్ గోడకి మొహం ఆనించి నిలబడిపోయింది.

అంతా అయ్యాక డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. "తిట్టొద్దు, తొందర పెట్టొద్దు. రోజూ అన్నం తినగానే తీసుకెళ్ళి కూర్చోబెట్టు. నువ్వు ఎదురుగా కూర్చుని ఓ పది నిమిషాలు కబుర్లు చెప్పు. వచ్చినా సరే, రాకపోయినా సరే. నీళ్ళు బాగా తాగించు. భయం పోవాలి దానికి. నెలలు పట్టొచ్చు. ఓపిక కావాలమ్మా."

ఓపిక కాలర్ దగ్గర కావలసినంత ఉంది. ఆ పది నిమిషాలే లేవు. పిల్లలకి అన్నం పెట్టేది పెద్దవాళ్ళ భోజనాల గంట అయిపోయాక. అప్పుడు తను మిషను మీద ఉండాలి. కిందికి దిగాలంటే బిళ్ళ కావాలి. తిని వచ్చాక లైనులో ప్రతి ఒక్కరికీ బిళ్ళ కావలసిన వేళ కూడా అదే.

మర్నాడు భోజనాల దగ్గర డబ్బా మూత కూడా తీయకుండా కూర్చుంది.

"ఏంటే, మొహం అలా వేలాడేశావు?" అంది కాజా అక్క.

కాలర్ ముందు ఏం లేదంది. తర్వాత మొత్తం కక్కేసింది. చివరి మాటకి వచ్చేసరికి కొంగు నోట్లో కుక్కుకుంది. "నా చేతులతో నేనే దాన్ని చంపుకునేదాన్ని అక్కా."

జేబు ఆమె డబ్బా మూత తీసి ముందుకి జరిపింది. తర్వాత కఫ్ తలెత్తకుండా అంది. "ఊరుకో వదినా. మావాడు పక్క తడిపాడని నేను గరిట కాల్చి పట్టుకున్నా. వాడు ఆటనుకుని నవ్వాడు. నవ్వాడు కాబట్టి సరిపోయింది."

"మా పెద్దదానికి ఎంత వయసొచ్చినా పక్క తడిపేది" అంది జేబు. "వాళ్ళ నాన్న కావాలని ఆ పరుపు వీధి వైపు ఆరేసేవాడు. నేను చూస్తూ ఊరుకున్నా. ఇప్పుడది మా ఇద్దరితోనూ మాట్లాడదు."

"ఎవరింటి కంపు వాళ్ళు తలుపులేసుకుని పీల్చుకుంటున్నాం అన్నమాట" అంది కాజా అక్క. "సరే, వినండి. ఇవాళ్టి నుంచి అన్నాల తర్వాత బిళ్ళ పిడుగుది. మనం ఎదిగిన గాడిదలం, ఆపుకుంటాం. పసిది ఆపుకోకూడదు."

"నీకు ఒంటికి పోతే మంట కదక్కా, మందులు కూడా వాడుతున్నావు..." అంది కఫ్.

"మందులు మింగుతున్నాగా. ఓ గ్లాసు నీళ్ళు తగ్గిస్తే సరి. ఇది కిందికి పోయినప్పుడు నువ్వు దీని కాలర్లు తిరగేసి మొనలు తియ్యి, పుణ్యముంటుంది."

అలా మొదలైంది. అన్నాల తర్వాత కాలర్ బిళ్ళ వేసుకుని కిందికి పరిగెత్తేది. ఆమె మిషను దగ్గర పేరుకున్న కాలర్లను కఫ్ తిరగేసి, పుల్లతో మొనలు పొడిచి, జేబు వైపు తోసేది. జేబు తన పని మధ్యలో వాటి మీద కుట్టు వేసేది. కింద పిల్లల బాత్రూంలో కాలర్ తడి నేల మీదే చతికిలబడేది. పిల్ల కూర్చునేది కాదు. కూర్చున్నా బిర్రబిగుసుకుపోయేది. "వద్దమ్మా, కక్క వద్దు, మంచిదాన్నమ్మా" అనేది. కాలర్ పాటలు పాడింది. నల్లాలోంచి పడే చుక్కలకి పేర్లు పెట్టింది. పైకి తిరిగి వస్తే లైనంతా కనుబొమలెగరేసి అడిగేది. ఈమె తల అడ్డంగా ఊపేది. ఏం పర్లేదన్నట్టు కాజా అక్క చెయ్యి ఊపేది.

ఒకరోజు పిల్ల ఆ ఇత్తడి బిళ్ళని పట్టుకుని చూసింది.

"అమ్మా, ఇదేంటి?"

"ఇది ఉంటే బాత్రూంకి పోవచ్చమ్మా."

"ఎవరూ కొట్టరా?"

"కొట్టరు."

"నాకెయ్యి."

కాలర్ దాని మెడలో వేసింది. పిల్ల రెండు చేతులా బిళ్ళని గట్టిగా పట్టుకుని, తల్లి కళ్ళలోకి చూస్తూ, "ఇప్పుడు పోనా?" అంది. పోవచ్చంది తల్లి. కాసేపటికి పోయింది. ఏడుస్తూ, నవ్వుతూ పోయింది.

ఆ రోజు కాలర్ తలుపు దాటి లోపలికి అడుగుపెడుతూనే లైనుకి తెలిసిపోయింది. కాజా అక్క ఈల వేసింది. "ఏంటా గోల?" అని సూపర్‌వైజరు లేచాడు. "మా ఇంట్లో శుభవార్త సార్" అంది జేబు. "ఎవరికి సార్ చెప్పుకుంటాం, మీకు తప్ప!" అంది కాజా అక్క. కఫ్ నవ్వాపుకోలేక మిషను కిందికి దూరింది.

కానీ ఇంటి దగ్గర పిల్ల మళ్ళీ బిగుసుకుంది. "బిళ్ళేదీ?" అని అడిగింది. కాలర్‌కి ఏం చెయ్యాలో పాలుపోలేదు. అట్టముక్క గుండ్రంగా కత్తిరించి, దారం గుచ్చి దాని మెడలో వేసింది. పిల్ల వెళ్ళింది. పుట్టినరోజు వచ్చింది, వెళ్ళింది, పిల్లల గదిలో చోటు నిలిచింది. అట్టబిళ్ళ మాత్రం మెడలోనే ఉండిపోయింది. చెడ్డీ వేసుకోకుండానైనా తిరిగేది గాని అది లేకుండా తిరిగేది కాదు. తల్లి దాన్ని చూసినప్పుడల్లా చూపు తిప్పుకునేది.

కొన్నాళ్ళకి కాజా అక్క మిషను మీదే ముందుకి ఒరిగిపోయింది. ఒళ్ళంతా చలి, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. నడుం పట్టుకుని మెలికలు తిరుగుతుంటే నలుగురూ మోసుకుపోయారు. ఒక మూత్రపిండం పూర్తిగా చెడిపోయిందన్నారు. ఎన్నాళ్ళ నుంచో ముదిరిన జబ్బేనట. అన్నాల తర్వాత వదులుకున్న బిళ్ళ వల్లే ముదిరిందని ఎవరూ అనలేదు. వల్ల కాదని కూడా ఎవరూ అనలేదు.

ఆసుపత్రిలో కాలర్ మంచం పక్కన కూర్చుని ఆమె చెయ్యి వదల్లేదు. "నా వల్లే అక్కా."

"నీ మొహం" అంది కాజా అక్క. "నీ వల్లయితే నిన్ను తిట్టి ఊరుకుందును. ఆ మేకునేమని తిట్టను? పిడుగెలా ఉంది, పోతోందా?"

"పోతోందక్కా."

"అదీ!" అని కళ్ళు మూసుకుంది. ఆమె మళ్ళీ పనిలోకి రాలేదు. ఇక రాదు కూడా. వారం తిరక్కుండా ఆ మిషను మీదికి ఒక కొత్త పిల్ల వచ్చింది. మధ్యాహ్నానికల్లా అందరూ ఆ పిల్లని "కాజా" అని పిలుస్తున్నారు. సాయంత్రం ఆ పిల్ల తన నీళ్ళ సీసా నిండుగానే ఇంటికి తీసుకుపోవడం కాలర్ చూసింది.

ఆ రోజు ఇంటికెళ్ళగానే కూతురి మెడలోంచి అట్టబిళ్ళ తీసి ముక్కలు చేసింది. పిల్ల గుక్కపట్టింది. చాలాకాలానికి కింది వాటా వాళ్ళు మెట్లెక్కి వచ్చారు.

"నీకు ఇది అక్కర్లేదమ్మా. వస్తే పోవచ్చు. ఎవర్నీ అడగక్కర్లేదు."

పిల్ల వెక్కుతూ అడిగింది. "అమ్మకి కూడా అక్కర్లేదా?"

కాలర్ కొంగుతో దాని మొహం తుడిచింది. మర్నాడు పొద్దున చెంబెడు నీళ్ళు తాగి ఫ్యాక్టరీకి వెళ్ళింది. కొంతసేపు కుట్టింది. తర్వాత మిషను ఆపి లేచి నిలబడింది. బిళ్ళ మేకుకే ఉంది. దాన్ని దాటి నడిచింది.

"ఏయ్, బిళ్ళేదీ?" అన్నాడు సూపర్‌వైజరు. అవే మాటలు, పిల్ల అడిగినవే.

"అక్కర్లేదు సార్."

వెనక ఇంకో కుర్చీ చప్పుడయింది. కఫ్ లేచింది. ఆ తర్వాత జేబు. కొత్త కాజా లేవలేదు, భయం, కానీ సీసా మూత తీసి నీళ్ళు తాగింది.

లోకం తలకిందులైపోలేదు. కాలర్‌ని మిషను మీద నుంచి తీసేసి దారాలు కత్తిరించే బల్ల దగ్గర నిలబెట్టారు. ఇప్పుడు ఆమెని "దారం" అంటున్నారు. రోజంతా నిలబడే పని, సాయంత్రానికి కాళ్ళు మొద్దుబారతాయి. బిళ్ళ ఇంకా మేకుకే ఉంది. దాన్ని వేసుకునేవాళ్ళు మాత్రం తగ్గుతున్నారు. కాజా అక్క ఇంట్లో మంచం మీద ఉంది. పిడుగు తనకి వచ్చినప్పుడు బాత్రూంకి వెళ్తోంది, అప్పుడప్పుడు ఇంకా తలుపు చాటుకి పోతోంది.

ఇది చదువుతున్న మీరు, ఒంటి మీద చొక్కా ఉంటే దాని కాలర్ ఒకసారి తడిమి చూడండి. ఆ తర్వాత ఒక పని చెయ్యండి. మీ ఆఫీసు ఊడ్చే ఆమెని, మీ కొట్లో పొద్దస్తమానం నిలబడే అమ్మాయిని, మీ ఇంట్లో అంట్లు తోమే మనిషిని "నువ్వు బాత్రూంకి ఎక్కడికెళ్తున్నావు?" అని అడగండి. అడగడానికి మీకు సిగ్గేస్తే, చెప్పడానికి ఆమెకి ఎంత సిగ్గేస్తుందో తలుచుకుని అడగండి. మీ చేతిలో తాళం ఉంటే తీసెయ్యండి. మేకు ఉంటే పీకెయ్యండి. మీ మెట్ల మీద ఏ తల్లి అయినా తడి చెడ్డీ పిల్లతో సతమతమవుతుంటే నీతులు చెప్పకండి. ఆమె చేతిలో పని కాసేపు అందుకోండి. ఆమెకి కావలసింది ఆ పది నిమిషాలే.